వివాల్డి, తాళ్లపాక, విఠల

వివాల్డి అన్న ఇంటిపేరు సుమారు రెండు వందల ఏళ్ల పాటు యూరప్‌లో పలికే దిక్కు లేకుండా పోయిందంటే ఈ రోజు నమ్మబుద్ధి కాదు. సినిమాల్లో, ప్రకటనల్లో, ఫోన్ చేసి కాసేపు ఆగమన్నప్పుడు వచ్చే వయొలిన్ నాదంలో ఆయన ‘ఫోర్ సీజన్స్’ ముక్కలు తెలిసీ తెలియకుండా మనమందరం విన్నవాళ్లమే. అలాంటి మనిషి సొంత ఊరు వెనిస్ వదిలి వియన్నా చేరి, 1741లో అక్కడే బీదతనంలో కన్నుమూశాడు. ఖననం కూడా పేదల లెక్కలోనే జరిగిపోయింది. ఆ తర్వాత ఆ పేరు ఎక్కడైనా వినబడిందంటే అది బాఖ్ పుణ్యం. బాఖ్ వయసులో ఉండగా వివాల్డి కన్చెర్టోలను కొన్నింటిని ఆర్గన్ మీదికీ హార్ప్సికార్డ్ మీదికీ మార్చి రాసుకున్నాడు. బాఖ్‌ను చదివే పండితులకు మూలకర్తగా ఈ ఇటలీ పాదిరీ పేరు తగిలేది, అంతే.

1926లో ఇటలీ ఉత్తరాన బోర్గో సాన్ మార్తినో అనే చిన్న ఊళ్లో, సలేసియన్ పాదిరీలు నడిపే బడికి మరమ్మతులు అవసరమయ్యాయి. డబ్బు లేదు. బడిలో మూలుగుతున్న పాత సంగీతపు రాతప్రతులు అమ్మితే ఎంత వస్తుందో చెప్పమని ట్యూరిన్ జాతీయ గ్రంథాలయానికి కబురంపారు. గ్రంథాలయ అధిపతి లుయీజీ టోర్రి, సంగీత చరిత్ర పండితుడు అల్బెర్తో జెంతీలి కలిసి ఆ ప్రతులు తిరగేశారు. మొత్తం 97 సంపుటాలు, వాటిలో 14 వివాల్డివి. కొనే స్తోమత గ్రంథాలయానికి లేకపోతే జెంతీలి వెళ్లి రొబెర్తో ఫోవా అనే స్టాక్ బ్రోకర్‌ను అడిగాడు. ఫోవా డబ్బిచ్చి, పసితనంలోనే పోయిన తన కొడుకు మావురో పేరు ఆ సేకరణకు పెట్టమన్నాడు.

కథ అక్కడితో తీరలేదు. సంపుటాల మీది అంకెలు వరసలో లేవు. అంటే మిగతా సగం ఇంకెక్కడో ఉండాలి. ఆరా తీస్తే జెనోవాలో దురాత్సో అనే జమీందారీ వంశంలో తేలింది. 18వ శతాబ్దంలో వెనిస్‌లో ఆస్ట్రియా రాయబారిగా పనిచేసిన జాకమో దురాత్సో చేర్చిపెట్టిన సొత్తు అది. వారసులు ఆస్తి పంచుకున్నప్పుడు సంగీతాన్నీ పంచుకున్నారు. రెండో సగాన్ని 1930లో ఫిలిప్పో జొర్దానో అనే బట్టల మిల్లు యజమాని కొనిచ్చాడు. ఆయనకూ ఓ పసికొడుకు పోయాడు, పేరు రెంజో. అలా వివాల్డి కాగితాలు ఇవాళ ట్యూరిన్‌లో ఫోవా, జొర్దానో అన్న రెండు పరాయి ఇంటిపేర్ల కింద, ఇద్దరు చనిపోయిన బిడ్డల జ్ఞాపకంగా భద్రంగా ఉన్నాయి. రెండూ కలిపి వివాల్డి సంపుటాలు 27. 1939లో సియెనా నగరంలో వివాల్డి వారోత్సవం చేసి ఆయన ‘గ్లోరియా’ను మళ్లీ వినిపించారు. కాగితాలు వెదికి తెచ్చిన జెంతీలికి మాత్రం ఆ పండుగలో చోటు లేదు. యూదుడైన పాపానికి అప్పటికే ముస్సోలినీ ప్రభుత్వం ఆయన ఉద్యోగం ఊడబెరికింది. సంగీత చరిత్రలో ఇలాంటి కృతఘ్నత కొత్తేమీ కాదు గానీ ఇది మాత్రం మరీ సిగ్గుచేటు.

ఆ మాటకొస్తే వివాల్డి ఇంట్లో ఇంటిపేరు ఒక్కటిగా నిలిచిందీ లేదు. వివాల్డి తండ్రి జొవాన్ని బత్తీస్తా కూడా వయొలిన్ విద్వాంసుడే. 1685లో వెనిస్‌లోని సాన్ మార్కో చర్చి వాద్యబృందంలో చేరినప్పుడు ఆయన పేరు రిజిస్టరులో ‘రోస్సి’ అని ఎక్కింది. ఆ ఇంట్లో ఎర్రజుట్టు ఉండేది, దాన్ని బట్టి పిలిచారు. కొడుకునూ జనం ఎర్రపాదిరీ అనే అన్నారు. ఆ కొడుకు 1703 నుంచి పాఠం చెప్పిన చోటు పియెతా అనాథాశ్రమం. అక్కడి ఆడపిల్లలకు తల్లిదండ్రులెవరో తెలియదు గనక ఇంటిపేరే లేదు. ఏ వాద్యం నేర్చుకుంటే అదే ఇంటిపేరు. వాళ్లలో గొప్ప వాద్యకారిణి అన్నా మరియా దల్ వయొలిన్, అంటే వయొలిన్ వారి అన్నా మరియా. ఆమె కోసమే వివాల్డి ఎన్నో కన్చెర్టోలు రాశాడు. ఆమె వాయిస్తే వినడానికి యూరప్ నలుమూలల నుంచీ జనం వెనిస్ వచ్చేవారు.

మనకు వీణ ధనమ్మాళ్ ఉంది కాబట్టి ఆ పద్ధతి వింతగా తోచదు.

ట్యూరిన్‌లో పెట్టెలు విప్పడానికి నాలుగేళ్ల ముందు, 1922లో తిరుమల గుడిలోని సంకీర్తన భాండారం వెలుగులోకి వచ్చింది. అందులో రెండు వేలకు పైగా రాగిరేకులు, వాటి మీద తాళ్లపాక వారి పాటలు. అన్నమాచార్యులు 1503లో పోయాడు. అంటే ఆయన పేరు నాలుగు వందల ఏళ్లు మబ్బు చాటున ఉండిపోయింది. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి ఆ రేకుల వెంట పడకపోతే, అనంతపురం జిల్లా రాళ్లపల్లి నుంచి వెళ్లిన అనంతకృష్ణశర్మ వాటికి స్వరం కట్టకపోతే తాళ్లపాక అనేది రాజంపేట దగ్గర ఒక పల్లె పేరుగానే మిగిలేది. అన్నమయ్య, కొడుకు పెద తిరుమలాచార్యులు, మనవడు చిన తిరుమలాచార్యులు, ‘సుభద్రా కల్యాణం’ రాసిన తిమ్మక్క, ఇంత పెద్ద సంసారం ఒక్క ఇంటిపేరు మీద నడిచింది. ఇటలీలో తండ్రి అలెస్సాంద్రో, కొడుకు దొమెనికో స్కార్లత్తి అనే ఒకే ఇంటిపేరుతో వెలిగారు గానీ, వాళ్లు రెండు తరాల వాళ్లే. మనవాళ్లు మూడు తరాలు రాగి మీద చెక్కించి మరీ పోయారు.

ఇంత చెప్పి అసలు మా ప్రాంతానికి వస్తే గొంతులో వెలక్కాయ పడుతుంది. తెలుగువారి సంగీతం అనగానే వచ్చే ఇంటిపేర్లు ఏవి? కాకర్ల, ద్వారం, పారుపల్లి, మంగళంపల్లి, ఈమని, ఓలేటి, నేదునూరి, నూకల, మల్లాది. వీటిలో ఆదోని వైపుది ఒక్కటీ లేదు. ఆలూరుదీ లేదు, ఎమ్మిగనూరుదీ లేదు. సంగీత చరిత్ర పుస్తకాలు తెరిచి మా పడమటి కర్నూలు కోసం వెదికితే గుంతకల్లు దారిలో ఆగకుండా పోయే రైలులా అక్షరాలు ముందుకు వెళ్లిపోతాయి. పత్తి, వేరుశనగ, కరువు, వలస, ఇవి తప్ప ఇక్కడేమీ పండలేదన్న అభిప్రాయం చదువుకున్నవాళ్లలోనూ ఉంది. ఇది తప్పు. ఇక్కడ సంగీతం లేక కాదు, ఇక్కడి సంగీతగాళ్లు ఇంటిపేరు విడిచిపెట్టిన వాళ్లు. ఇంటిపేర్ల వరసన రాసిన జాబితాకు వాళ్లు చిక్కరు.

మొదటివాడు మంత్రాలయం ఆయనే. ఎమ్మిగనూరు, ఆదోని మనిషికి రాఘవేంద్రస్వామి గురించి కొత్తగా చెప్పేదేముంటుంది? గురువారం మంత్రాలయం బస్సు చూస్తే చాలు. అయినా ఆయన పుట్టిన ఇల్లు వీణ ఇల్లన్న సంగతి అందరికీ తెలిసినట్టు లేదు. పూర్వాశ్రమంలో పేరు వేంకటనాథుడు. తండ్రి వీణ తిమ్మణ్ణభట్టు, తాత కనకాచలభట్టు, ముత్తాత కృష్ణభట్టు. ఆ కృష్ణభట్టు శ్రీకృష్ణదేవరాయలకు వీణ నేర్పాడని మఠ సంప్రదాయం. ఇంటిపేరు బీగముద్రె. విజయనగరం చెదిరిపోయాక ఆ కుటుంబం కన్నడ సీమ వదిలి తమిళదేశం వెళ్లింది. వేంకటనాథుడూ వీణ వాయించేవాడు. కుంభకోణంలో సుధీంద్రతీర్థుల దగ్గర చదివి, తంజావూరులో సన్యాసం తీసుకున్నాడు. సన్యాసికి ఇల్లూ ఉండదు, ఇంటిపేరూ ఉండదు. బీగముద్రె పోయింది, వీణ పోయింది, ‘తీర్థ’ అన్న గురుపరంపర పేరు వచ్చి చేరింది. అప్పట్లో బిజాపూరు వారి తరఫున ఆదోనిని ఏలుతున్న సిద్ది మసూద్‌ఖాన్ మంచాల గ్రామం, అంటే ఇప్పటి మంత్రాలయం, ఇచ్చాడని మఠం చెబుతుంది. ఆదోని షాహీ జామియా మసీదు కట్టించింది కూడా ఆయనే. 1671లో స్వామి ఆ మంచాలలోనే బృందావన ప్రవేశం చేశాడు. మూడు తరాలు వీణ పట్టుకున్న ఒక వంశం అలా తుంగభద్ర ఒడ్డున, పేరు లేకుండా ముగిసింది.

రెండో ఆయన మాకు మరీ దగ్గర. ఆస్పరికీ గుంతకల్లుకూ నడుమ, ఆలూరు పక్కన చిప్పగిరి ఉంది. విజయదాసు కట్ట అక్కడే. ఏటా కార్తీక శుద్ధ దశమికి ఆరాధన జరుగుతుంది. పుట్టింది రాయచూరు వైపు చీకలపర్వి, 1682లో. వివాల్డి కంటే నాలుగేళ్లు చిన్న. పోయింది చిప్పగిరిలో 1755లో. అంటే వెనిస్‌లో ఎర్రపాదిరీ అనాథ పిల్లలకు వయొలిన్ నేర్పుతున్న రోజుల్లోనే మా రాళ్లనేల మీద విజయదాసు కన్నడంలో సూళాదులనే పాటలు కడుతున్నాడు. ఒకరినొకరు ఎరగరు, ఎరిగే అవకాశమూ లేదు. ఇద్దరూ బీదతనం ఎరిగినవాళ్లే.

దాసప్ప అన్న పేరుతో బీద ఇంట పుట్టి, ఊరూరా తిరిగి, విజయదాసు చివరికి కాశీలో ఉండగా కలలో పురందరదాసు కనబడి ‘విజయ విఠల’ అన్న అంకితం, అంటే పాట చివర వచ్చే ముద్ర, ఇచ్చాడని కథ. పురందరదాసు అప్పటికి వందేళ్లకు ముందే, 1564లో పోయాడు. కలను నమ్మినా నమ్మకపోయినా ఆ పరంపర లెక్క మాత్రం గట్టిది. పురందర విఠల నుంచి విజయ విఠల. విజయదాసు తన శిష్యుడు గోపాలదాసుకు గోపాల విఠల అన్న అంకితం ఇచ్చాడు. మాన్వి పండితుడు శ్రీనివాసాచార్యులు మొదట ఈ దాసుల పాటలను చులకన చేశాడట. కడుపునొప్పి పట్టి బుద్ధి తెచ్చుకుని, గోపాలదాసు ఆశ్రయం పొంది జగన్నాథ విఠల అయ్యాడు. ‘హరికథామృతసార’ రాసిన జగన్నాథదాసు ఆయనే. విఠల అన్నదే ఇక్కడ ఇంటిపేరు. తండ్రి నుంచి కొడుక్కు రాదు, గురువు నుంచి శిష్యుడికి వస్తుంది. కులీన పండితుడైనా సరే, తన ఇంటి పేరు గడప బయట విడిచి దీన్ని తీసుకోవాలి. స్కార్లత్తికీ తాళ్లపాకకూ లేని ఓ సుగుణం దీనిలో నాకు కనబడుతుంది. ఈ ఇంట్లోకి ఎవరైనా రావచ్చు.

ఈ ఇంటి బాకీ కాకర్ల వారి ఇంట్లోనూ ఉంది. త్యాగరాజస్వామి తల్లి సీతమ్మ పురందరదాసు పదాలు పాడుతుండేదని చెబుతారు. ఆయనే ‘ప్రహ్లాద భక్తి విజయం’లో పురందరదాసుకు పేరు పెట్టి నమస్కరించాడు. ఇవాళ తెలుగుదేశంలో ఏ పాప సంగీతం మొదలుపెట్టినా సరళీ స్వరాలే కదా. ఆ క్రమం పురందరదాసు వేసిందనే సంప్రదాయం. వాటి తర్వాత వచ్చే అలంకారాలు నడిచేది సూళాది సప్త తాళాలలో. ఆ సూళాది అన్న మాట ఎక్కడిదో చాలామంది పిల్లలకూ, కొందరు టీచర్లకూ తెలియదు. సూళాది ఒక రచనా ప్రక్రియ. ఒక్కో ఖండం ఒక్కో తాళంలో సాగి చివర ‘జతె’తో ముగుస్తుంది. దానిలో అందరికంటే పెద్ద చెయ్యి విజయదాసుది. అందుకే ఆయన్ను సూళాది దాసు అన్నారు. అలాంటి ఆయన సమాధి కట్టి ఉన్న ఊరు మన జిల్లాలో ఉంటే, మన సంగీత పాఠాల్లో ఆ ఊరి పేరే రాదు.

రాకపోవడానికి కారణం ఉంది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు పాత మద్రాసు రాష్ట్రంలో బళ్లారి జిల్లావి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఈ మూడూ మనకు వచ్చాయి, బళ్లారి మైసూరుకు పోయింది. మనిషి సమాధి ఇటు మిగిలింది, ఆయన పాట భాష అటు పోయింది. తెలుగు సాహిత్య చరిత్రకారుడికి విజయదాసు కన్నడకవి, తన పరిధి కాదు. కన్నడ చరిత్రకారుడు ఆయన్ను ఘనంగానే తలుచుకుంటాడు గానీ చిప్పగిరి ఇప్పుడు పక్క రాష్ట్రం. చరిత్ర రాసేవాళ్లకే ఈ హద్దులు. పాడేవాళ్లకు లేవు. ఆదోనిలో, ఆస్పరిలో, కోసిగిలో ఏకాదశి భజనకు వెళ్లి చూడండి. హార్మోనియం, తాళాలు, చిడతలు, మధ్యలో ఒక పాత నోటుబుక్కు. పాట కన్నడం, లిపి తెలుగు. పాడే ఆయన చదువు తెలుగు మీడియం. చివరి చరణంలో విజయ విఠల అని వచ్చేసరికి చెయ్యి పైకెత్తి మరీ పాడతాడు. ఆ పేరు గలాయన పక్క మండలంలో పోయాడని అందులో ఎందరికి తెలుసో నేను చెప్పలేను, పేరు పలకడం మాత్రం ఒక్కరూ మరువలేదు.

వివాల్డికి పాటలోనే పేరు దాచుకునే ఈ సౌకర్యం లేకపోయింది. వయొలిన్ నాదంలో ముద్ర వేయలేం. మీది పేజీ చిరిగిందంటే కర్త పోయినట్టే. మన పాట మాత్రం తన కర్తను కడుపులో పెట్టుకుని తిరుగుతుంది. కానీ ముద్ర పేరునే కాపాడుతుంది, స్వరాన్ని కాదు. మాకు కలిగిన నష్టం ఇక్కడే. విజయదాసు సూళాదుల సాహిత్యం మిగిలింది, రాగం పేరు మిగిలింది, తాళం పేరు మిగిలింది. అసలు వరస చాలావాటికి చెదిరిపోయింది. అన్నమయ్య రాగిరేకుల సంగతీ ఇదే. రేకు మీద రాగం పేరుంది, స్వరం లేదు. రాళ్లపల్లి, ఆయన తర్వాతివారు మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఇటలీ వాళ్లు కర్తను పోగొట్టుకుని స్వరాన్ని నిలుపుకున్నారు, మనం కర్తను నిలుపుకుని స్వరాన్ని జారవిడుచుకున్నాం.

జారిపోకుండా పట్టుకోవచ్చని చూపించిన మనిషి ఈ జిల్లాలోనే బతికాడు. డాక్టర్ శ్రీపాద పినాకపాణి. ఇంటిపేరు శ్రీకాకుళం సీమది, పని కర్నూలు మెడికల్ కాలేజీలో. పగలంతా రోగులు, సాయంత్రం సంగీతం. నేదునూరి, ఓలేటి, నూకల, మల్లాది సూరిబాబు, ఇంత మంది ఆయన శిష్యులు. ఆయనకు 1983లో సంగీత కళానిధి, మరుసటేడు పద్మభూషణ్ వచ్చాయి. 2013 మార్చి 11న, నూరేళ్లకు కొద్ది నెలల తక్కువలో, కర్నూలులోనే పోయాడు. బిరుదుల కంటే పెద్దది ఆయన ‘సంగీత సౌరభం’. నాలుగు సంపుటాలు, తిరుమల తిరుపతి దేవస్థానం వేసింది. గమకం ఎక్కడ ఊగుతుందో, ఎక్కడ జారుతుందో కాగితం మీద పెట్టాలని ఆయన పడ్డ తాపత్రయం ఆ పుస్తకాల ప్రతి పుటలోనూ కనబడుతుంది. స్వరలిపి అన్నది వట్టి అస్థిపంజరమని దాన్ని తీసిపారేసే విద్వాంసులు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయినా ఎముకలైనా మిగిలితే మనిషిని పోల్చుకోవచ్చు. చిప్పగిరి సూళాదులకు అటువంటి రాతగాడు సమయానికి దొరకలేదు, అదే తేడా.

ఇప్పుడైనా ఆలస్యం మించిపోలేదనే నా నమ్మకం. పోయిన వరసలు తిరిగి రావు. కానీ ఇళ్లలో పెద్దవాళ్లు పాడే భజన వరసలు ఉన్నాయి. అమ్మమ్మలు మడిలో పని చేసుకుంటూ పాడే దాసర పదాలు ఉన్నాయి. తెలుగు లిపిలో రాసుకున్న నోటుబుక్కులు ఉన్నాయి, పురుగు అంచులు తినేసినా చదవడానికి వీలుగానే ఉన్నాయి. అవి శాస్త్రీయం అవునా కాదా అని ఇప్పుడే తేల్చక్కర్లేదు. ట్యూరిన్ వాళ్లు కూడా ముందు సంపుటాలు తెచ్చి గ్రంథాలయంలో భద్రపరిచారు, లోకానికి వినిపించడం తర్వాత జరిగింది.

డబ్బు సంగతి చెప్పకుండా ఈ మాట ముగించడం నిజాయితీ కాదు. వివాల్డి రెండో సగాన్ని కొన్నది మహారాజు కాదు, ప్రభుత్వం కాదు, బట్టల మిల్లు యజమాని. ఆదోని పత్తి మార్కెట్టు రాష్ట్రంలో పేరున్నది. ఎమ్మిగనూరు నేతకు మాచాని సోమప్ప పెట్టిన సహకార సంఘం దేశమంతా పేరు తెచ్చింది. బట్టా పత్తీ మీద బతికిన ఊళ్లు ఇవి. అందువల్ల అడగడానికి మొహమాటపడను. ఆదోని వ్యాపారులు, ఎమ్మిగనూరు నేతపెద్దలు తలా ఓ చెయ్యి వేస్తే ఈ నోటుబుక్కులన్నీ స్కాన్ చేసి, పాడగలిగిన పెద్దల గొంతులు రికార్డు చేసి, ఒక చోట పెట్టవచ్చు. దానికి ఎవరి ఇంటి బిడ్డ పేరు పెట్టమన్నా పెడదాం, అందులో తప్పేమీ లేదు.

పాఠకులకు నాదొక మనవి. ఆస్పరి, ఆలూరు, ఆదోని, కోసిగి, మంత్రాలయం, ఎమ్మిగనూరు వైపు మీ ఇంట్లో దాసర పదాల రాతపుస్తకం ఉంటే దాన్ని పాత కాగితాల వాడికి వేయకండి. ఫోటోలు తీసి పత్రికకు పంపండి, అసలు పుస్తకం మీ దగ్గరే ఉంచుకోండి. పాడగల పెద్దవాళ్లుంటే ఫోన్లో రికార్డు చేయండి. ఏ పాట, ఏ రాగం అనుకుంటున్నారు, ఎవరి దగ్గర విన్నారు, ఏ ఊళ్లో విన్నారు, ఈ నాలుగూ తప్పక అడిగి రాసుకోండి. వచ్చే కార్తీక శుద్ధ దశమికి చిప్పగిరి వచ్చేవాళ్లు ఆ కాగితం వెంట తీసుకురండి.